ముగ్గురు అప్పన్నలు

మా తాతగారి ముత్తాతకు అప్పన్న అని ఒక తమ్ముడుండేవాడట. కరువు ఏడు మోరిస్ దీవికి ఓడెక్కాడు. మళ్ళీ కబురు లేదు. సముద్రంలోనే పోయాడనుకుని ఇంట్లో నీళ్ళు వదిలేశారు. చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పగా విన్న సంగతి ఇది.

మొన్న డిసెంబరు సెలవుల్లో పిల్లలతో మారిషస్ వెళ్ళాం. పోర్ట్ లూయీ రేవులో ఆప్రవాసీ ఘాట్ చూశాం. 1834 నుంచి 1920 దాకా సుమారు అయిదు లక్షలమంది కూలీలు ఆ దీవిలో దిగారు. 1849లో కట్టిన ఈ డిపోలో వాళ్ళు ఎక్కివచ్చిన నల్లరాతి మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. పక్కనే ఆనాటి ఆస్పత్రి గోడలు. వైద్యుణ్ణి కదా, అక్కడే ఎక్కువసేపు నిలబడిపోయాను.

మర్నాడు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళాం. ఆనాటి రిజిస్టర్లు అక్కడ భద్రంగా ఉన్నాయి. చూడడానికి అనుమతి కోరుతూ ముందే ఉత్తరం రాశాను. ఒక్కొక్కరికి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు, జిల్లా, ఊరు. అచ్చం మన కేసు షీటులాగే.

శ్రీకాకుళం జిల్లా అని వెతికితే ఏం దొరుకుతుంది? 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మా ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950లో. ఆ సంగతి తట్టాక గంజాం వాళ్ళ పేర్లు చూసుకుంటూ పోయాను. 1866లో వచ్చినవాళ్ళలో అప్పన్నలు ముగ్గురు కనబడ్డారు! సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు మా వైపు ఉండదు మరి. ఊళ్ళ పేర్లు గుమాస్తా తనకు వినబడినట్టు రాసుకున్నాడు. ఒకడికి ఎడమకాలిమీద దెబ్బ మచ్చ. మావాడికి మచ్చ ఉండేదా? చెప్పడానికి నాయనమ్మ లేదు. అతని తండ్రి పేరు మా ఇంట్లో ఇప్పుడెవరికీ తెలియదు.

ఆ రాత్రి నాన్నకు ఫోను చేసి, మనవాడెవరో తేల్చలేకపోయానని చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "ముగ్గురిలో ఎవరైనా, ఒడ్డు చేరినట్టేగా?" అన్నారు. ఆ మరుసటి ఏడు, 1867లో, ఆ దీవిలో మలేరియా వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది గాని అనలేదు.

"చేరినట్టే నాన్నా" అన్నాను.

మన సభ్యులకు ఒక మనవి. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళ దగ్గర ఒక పూట కూర్చోండి. ముత్తాతల పేర్లు, వాళ్ళ తండ్రుల పేర్లు, ఊరు, పాత తాలూకా, పాత జిల్లా రాసుకు రండి. మా నాయనమ్మ ఉండగా ఎన్నో వేసవులు ఆమె దగ్గర గడిపాను. కథ విన్నానే గాని, ఒక్క పేరూ అడగలేదు.