ముల్లు పదికి దిగరాదు

నూతి మీది ఆయిలింజను ఎరిగిన వారికి నేను చెప్పబోవు సంగతి తేలికగా బోధపడును. ఆ ఇంజనునకు డీజిలు ట్యాంకు నెత్తిమీద ఉండును. నూనె తన బరువుతో తానే క్రిందికి దిగును. గాలి పట్టినప్పుడు చిన్న మరను వదులు చేసి, బుడగలు పోయి నూనె తెగకుండ కారువరకు చూచి, మరల బిగించెదము. మా తండ్రిగారు ఆ పనిని చీకటిలో వ్రేళ్లతో తడిమియే చేసెడివారు. నూనె అందుచున్నదా లేదా అని చూచుటకు మీటరు అక్కరలేదు. ట్యాంకు మూత తీసి చూచిన చాలును.

2023 వేసవిలో నేను టెక్సాసులోని మా మేనల్లుని యింట మూడు నెలలు ఉంటిని. అతడు డల్లాసు పట్టణమునకు దక్షిణముగా కొంత నేల కొని మేకలను పెంచుచున్నాడు. అతనికి 2001వ సంవత్సరపు డీజిలు పికప్పు ఒకటి కలదు. ఆరు సిలిండర్లు, 5.9 లీటర్ల ఇంజను. వెనుక ట్రాలీ తగిలించి ముప్పది మేకలను ఎక్కించినను బరువు తెలియనట్లు లాగును. ఇంజను మాట వేరు, దానికి నూనె అందించు ఏర్పాటు మాట వేరు అని నాకు అప్పటికి తెలియదు.

ఒకనాడు అతడు నన్ను దాణా తెమ్మని పంపెను. తిరిగి వచ్చుచుండగా ఎత్తు రోడ్డు మీద బండి ఒక్క క్షణము ఒగర్చినట్లాయెను. కాలు అదిమినను ముందుకు దూకలేదు. ఎత్తు దాటగానే మరల మామూలుగా నడిచెను. నేను ఇంటికి వచ్చి ఏమియు చెప్పలేదు. చుట్టముగా వచ్చినవాడను, బండి ఇచ్చిన మరునాడే వంక పెట్టుట ఎందుకని ఊరకుంటిని. మరి రెండుసార్లు అట్లే జరిగెను. రెండుసార్లును ఊరకుంటిని.

ఆ వారాంతమున గొర్రెలు మేకల సంతకు పేరుగన్న శాన్ ఏంజెలో పట్టణమునకు ఇద్దరము వెళ్లి, మేకలను కొని తిరిగి బయలుదేరితిమి. ఆగస్టు నెల ఎండ. దారి మధ్యలో ఒక మిట్ట సగము ఎక్కి ఇంజను ఆగిపోయెను. గంటసేపు చల్లబడిన తరువాత ఒకసారి స్టార్టయి, అర మైలు పోయి మరల ఆగెను. లాగుకొనిపోవు బండి వచ్చుసరికి నాలుగు గంటలు పట్టెను. మా దగ్గరనున్న నీళ్లన్నియు మేకలకు పోసితిమి. అయినను రెండు పిల్లలు చచ్చిపోయెను. వాటిని ట్రాలీ నుండి దింపుచు మా అబ్బాయి, "బండి ముందుగా ఏమీ చెప్పలేదు మామయ్యా" అనెను. చెప్పినది, నాకు చెప్పినది అని అప్పుడు నోరు రాలేదు. ఆ రాత్రి అన్నము దగ్గర చెప్పితిని. అతడు చాలసేపు మాటలాడక, "పోనీలెండి" అనెను. ఆ మాట నన్ను తిట్టినదానికంటె ఎక్కువ బాధించినది.

బండిని విప్పిన ముసలి మెకానిక్కు సంగతి తేటగా చెప్పెను. ఈ బండిలో ట్యాంకు వెనుక క్రింద ఉండును. ఇంజను ముందు ఉండును. నూనె తానుగా రాదు. లిఫ్టు పంపు అను చిన్న కరెంటు పంపు ఇంజను ప్రక్కన ఉండి, దానిని వెనుకనుండి పీల్చి, ఫిల్టరు గుండ వీపీ 44 అను ఇంజెక్షను పంపునకు తోయును. పెద్ద ఒత్తిడితో సిలిండర్లకు నూనె చిమ్మునది ఆ పెద్ద పంపే. దానికి వేరే గ్రీజు లేదు, వేరే చల్లదనము లేదు. తనలోనుండి పోవు డీజిలే దానిని తడిపి చల్లార్చవలెను. కావున ఇంజను కాల్చుదానికంటె ఎక్కువ నూనె దాని గుండ పోవును. మిగిలినది వేడిని మోసికొని ట్యాంకునకు తిరిగి పోవును. చిన్న పంపు నీరసించినప్పుడు మొదట తగ్గునది ఇంజను బలము కాదు, ఆ మిగులే. బండి నడుచుచునే యుండును. లోపల పెద్ద పంపు మాడుచునే యుండును.

మా చిన్న పంపు చదరపు అంగుళమునకు 3 పౌండ్ల ఒత్తిడి మాత్రమే ఇచ్చుచున్నదని తేలెను. ఇట్టి బండ్లు గలవారు 10కి తగ్గనీయరాదని చెప్పుకొందురు. రెండు పంపులును మార్చవలసి వచ్చెను. పెద్దదాని వెల వెయ్యి డాలర్లు దాటెను. దానిని కాపాడగల మీటరు వెల అందులో ఆరవ వంతు కూడ లేదు. డ్యాష్‌బోర్డు మీద వేగమునకు, వేడికి, ఇంజనాయిలునకు మీటర్లు ఉన్నవి గాని దీనికి లేదు.

ఒక శనివారము మామా అల్లుళ్లము కూర్చుండి బిగించితిమి. మొదట బ్యాటరీ తీగలు ఊడదీసితిమి. ఆ బండికి రెండు బ్యాటరీలు, ఒకటి తీసి రెండవది మరచుట సులభము. మీటర్లలో పాతకాలపు రకము 1849లో ఫ్రాన్సు దేశస్థుడైన యూజీన్ బోర్డన్ పేటెంటు పొందిన వంపు గొట్టముతో నడుచును. ఒత్తిడి పెరిగినకొలది వంపు విప్పుకొని ముల్లును త్రిప్పును. నాకు అదే నచ్చెను. కాని దానికొరకు డీజిలు గొట్టమును మనము కూర్చుండు చోటికే తేవలెను. పగిలినచో ఒడిలో నూనె. అందుచేత సెన్సరు బయట, తీగలు మాత్రము లోపల ఉండు రకమును తీసికొంటిమి.

ఎక్కడ తగిలించవలెనను దానిమీద మాకు వాదము వచ్చెను. ఫిల్టరునకు ముందు చోటు చేతికి అందును, పని అరగంటలో ముగియును. మా అబ్బాయికి అదియే ఇష్టము. ముసలివాడు మాత్రము పెద్ద పంపు నోటి దగ్గరనే పెట్టుమని చెప్పియుండెను. అక్కడ పానా తిరుగదు. బోలు బోల్టును విప్పి, దాని స్థానమున నడినెత్తిన రంధ్రమున్న మరియొక బోల్టును ఇరుప్రక్కల కొత్త వాషర్లతో ఎక్కించి, దానికి చిన్న సూది వాల్వును, వాల్వునకు రబ్బరు గొట్టమును, గొట్టము చివర సెన్సరును తగిలించితిమి. వాల్వును వెండ్రుకవాసి మాత్రమే తెరిచితిమి. పెద్ద పంపు కొట్టు దెబ్బలు నూనె గుండ వెనుకకు వచ్చి సెన్సరును చితుకగొట్టును. వాల్వు ఆ దెబ్బలను ఆపి ఒత్తిడిని మాత్రము పోనిచ్చును. నా చేతి రెండు కణుపులు తెగినవి.

తాళము ఒక్క గిర్రున త్రిప్పి వదిలినప్పుడు ఇంజను లేవకుండనే చిన్న పంపు దాదాపు 25 సెకనులు ఆడును. అట్లు మూడుసార్లు చేసి గాలిని వెళ్లగొట్టితిమి. మా తండ్రిగారి వ్రేళ్లు జ్ఞప్తికి వచ్చినవి. ఇంజను లేచెను. కిటికీ ప్రక్క స్తంభమున ముల్లు 14 మీద నిలిచెను. రోడ్డు మీద ఖాళీ బండితో 13. మా అబ్బాయి పానాలు తుడిచి పెట్టెలో సర్దనారంభించెను.

"నాయనా, ట్రాలీ తగిలించి గడ్డి మోపులు వేయి. ఆ మిట్ట ఎక్కి చూతము" అంటిని.

"కొత్త పంపే గదా మామయ్యా!"

అయినను తగిలించెను. ఇండ్లు దర్శించు పనిలో ముప్పది ఏండ్లు గడిపినవాడను. గుమ్మము దగ్గర "బాగున్నామండి" అను మాట ఎంతవరకు నిలుచునో నాకు తెలియును. మిట్ట సగమునకు వచ్చునప్పటికి ముల్లు 10 దాటి దిగి, 6 మీద వణకుచుండెను. బండి మాత్రము హాయిగా లాగుచునే యున్నది! ఒగర్పు లేదు, దగ్గు లేదు. ముల్లు లేనియెడల ఇద్దరము పాట పాడుకొనుచు ఇంటికి వచ్చియుందుము.

తప్పు ఫిల్టరులో దొరికెను. ఆరు నెలల క్రిందటనే మార్చితినని అతడు మెకానిక్కును వారించియుండెను. విప్పి చూడగా ట్యాంకు అడుగు మడ్డితో నల్లబారియున్నది. చిన్న పంపు బలముగా తోయుచునే యుండెను; పెద్ద పంపు నోటికి సగము కూడ చేరుటలేదు. మేము ఫిల్టరునకు ముందు మీటరు పెట్టియుంటే అది చక్కని అంకె చూపుచుండగా రెండవ పంపును కూడ చంపుకొనియుందుము. కొత్త ఫిల్టరు వేసి అదే బరువుతో అదే మిట్ట ఎక్కితిమి. 11.

నేను దేశమునకు తిరిగి వచ్చి చాలకాలమైనది. మా అబ్బాయి సంతకు పోయిన వారములలో ఫోను చేయును. పలుకరింపుకంటె ముందు, "మామయ్యా, పన్నెండు" అనును.

"ఖాళీగానా, బరువుతోనా?" అని అడుగుదును.

"బరువుతోనే మామయ్యా."