కోవై నుంచి మదురై దాకా: ఒక పాత బుల్లెట్, నాలుగు పానాలు

కోయంబత్తూరు అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేవి ఊటీ దారి, సిరువాణి నీళ్ళు, ఇంట్లో పిండి రుబ్బే గ్రైండరు. మదురై అనగానే మీనాక్షమ్మ గుడి. ఈ రెండు ఊళ్ళలోనూ కొన్ని శతాబ్దాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉన్నాయని తెలిసినవారు మనలో తక్కువే. బ్యాంకు బదిలీ మీద కోయంబత్తూరు వచ్చిన ఈ నాలుగేళ్ళలో అలాంటి ఇళ్ళు చాలా చూశాను. భాషతో పాటు వాళ్ళలో నాకు కనిపించిన మరో ఉమ్మడి గుణం ఏమిటంటే, వాకిట్లో మోటారు సైకిలు మొరాయిస్తే ముందుగా పిలిచేది మెకానిక్కును కాదు, ఇంట్లో తాతగారిని!

ఈ అలవాటు వెనుక పెద్ద చరిత్రే ఉంది. విజయనగర కాలంలోనూ ఆ తర్వాతా దక్షిణాదికి తరలివచ్చిన తెలుగు రైతు కుటుంబాలు చాలావరకు నల్లరేగడి నేలలు చూసుకుని స్థిరపడ్డాయి. నల్లరేగడిలో పత్తి పండింది. పత్తి ఉన్నచోటికి మిల్లులు వచ్చాయి. కోయంబత్తూరులో 1888లో వచ్చిన స్టేన్స్ మిల్లుతో అది మొదలు. లోతు బావుల మీద ఎద్దుల కపిలలు పోయి ఆయిల్ ఇంజన్లు వచ్చాయి. 1930లలో పైకారా జలవిద్యుత్తు అందాక కరెంటు మోటార్లు వచ్చాయి. పైరు ఎండిపోతుంటే మెకానిక్కు కోసం ఎదురుచూడడం కుదరదు కదా! అందుకని రైతే పానా పట్టాడు. పొలంలో నేర్చిన పని వాకిట్లోకి వచ్చింది.

ఈ విద్యకు ఆదిగురువు అనదగినవారు జి.డి.నాయుడు గారు. కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో తెలుగు కుటుంబంలో 1893లో పుట్టారు. చదువు మీద మనసు నిలవలేదు. ఒక ఆంగ్ల అధికారి రడ్జ్ మోటారు సైకిలు మీద రావడం చూసి, దాని మీద మనసు పడి, కోయంబత్తూరు వచ్చి హోటల్లో పనిచేసి మూడు వందల రూపాయలు కూడబెట్టి ఆ బండినే కొన్నారు. కొని ఊరేగలేదు. మొత్తం విప్పి మళ్ళీ బిగించి, అలా యంత్రం గుట్టు తెలుసుకున్నారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక బస్సుతో వ్యాపారం ప్రారంభించి పెద్ద రవాణా సంస్థను నిర్మించారు. 1937లో డి.బాలసుందరం నాయుడు గారితో కలిసి మన దేశంలోనే ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. 1974లో కన్నుమూశారు. 2025లో అవినాశి రోడ్డు మీద ప్రారంభమైన పది కిలోమీటర్ల ఫ్లైఓవరుకు ఆయన పేరే పెట్టారు. ఒక కుర్రవాడు ఇంట్లో మోటారు సైకిలు విప్పడం ఎంతదూరం తీసుకువెళ్ళిందో చూడండి.

పీలమేడు, ఆవారంపాళయం వైపు వెళితే ఆ వారసత్వం ఇప్పటికీ వినిపిస్తుంది. పోత కర్మాగారాలు, పంపుల షెడ్లు, లేతు మిషన్ల రొద. ఆవారంపాళయంలో నాకు పరిచయమైన ఒక పెద్దాయనకు ఎనభై దాటాయి. ఒకప్పుడు లేతు పని. నా దగ్గరున్న పాత బుల్లెట్ 350 చూడగానే ఆయన కళ్ళు మెరిశాయి. గేరు కుడివైపు, బ్రేకు ఎడమవైపు ఉండే కాలం నాటి బండి అది.

ఆదివారాలు ఆయన వాకిట్లోనే గడిచేవి. కాంటాక్టు పాయింట్ల మధ్య ఎడం పదిహేను థౌ ఉండాలి, ఫీలర్ గేజి పెట్టి చూడాలి. ట్యాపెట్లు ఇంజను చల్లగా ఉన్నప్పుడే సరిచేయాలి. పుష్‌రాడ్ వేళ్ళతో తిప్పితే తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. ఇవన్నీ పుస్తకంలోనూ ఉంటాయి. పుస్తకంలో లేనిది ఆయన మాట.

“బిగించాల సార్, బిగదీయకూడదు. ఇనుముకు నొప్పి తెలీదు, మన చెయ్యికే తెలియాల.”

స్క్రూడ్రైవరును ఆయన తిరుప్పుళి అంటారు, అది తమిళం. చెయిను మాత్రం గొలుసే. చమురు, బిగువు, వదులు, పళ్ళచక్రం, ఇవన్నీ తెలుగులోనే. మన పట్నాల్లో మెకానిక్కుల దగ్గర కూడా ఇన్ని తెలుగు మాటలు నేను వినలేదు.

అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది ఆయన నోటుపుస్తకం. లెక్కల పుస్తకాల మధ్య బతికినవాణ్ణి కనుక వెంటనే చేతిలోకి తీసుకున్నాను. తొలి పేజీలు రాజ్‌దూత్‌వి, తర్వాతివి ఎజ్డీవి. తేదీ, తిరిగిన కిలోమీటర్లు, చేసిన పని, కొన్న సామాను, ఖర్చు అన్నీ వరుసగా ఉన్నాయి. రాజ్‌దూత్ సైలెన్సరులో మసి తీసిన ప్రతిసారీ పద్దు ఉంది. అక్షరాలు మాత్రం తమిళం. భాష తెలుగు! ఆ ఇంట్లో తెలుగు లిపి చదవగలిగినవారు ఎవరూ లేరు. తరతరాలుగా చెవి నుంచి నోటికి వచ్చిన భాష అది.

తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. ఇంజనీరింగు చదువుతున్న మనవడు ఒకరోజు ఆ పుస్తకం పైకి చదువుతూ “కొలుసు మార్చినాను” అన్నాడు. తమిళంలో కొలుసు అంటే కాలిపట్టీ. “బండికి కాలిపట్టీ వేసినావా తాతా?” అని వాడు పకపకా నవ్వాడు. తాతగారూ నవ్వారు. కాసేపటికి నాతో మెల్లగా అన్నారు: “నేను పోయినాక దీన్ని చదివేదానికి వస్తుంది సార్, తెలిసేదానికి రాదు.”

ఒక శీతకాలంలో ఆ బుల్లెట్ మీదే మదురై బయలుదేరాను. సూటి దారి వదిలి, కావాలనే పొల్లాచ్చి, ఉడుమలైపేట, పళని మీదుగా వెళ్ళాను. నాయుడు గారి మొదటి బస్సు తిరిగిన దారి కదా! రెండు వైపులా కొబ్బరి తోటలు, ఉడుమలై దాటాక గాలిమరలు, దూరంగా పళని కొండ. బయలుదేరే ముందు పెద్దాయన క్లచ్ కేబులు పక్కనే కొత్త కేబులు ఒకటి వరసగా పెట్టి టేపు చుట్టారు. ఎందుకని అడిగితే “తెగేది ఎప్పుడూ ఊరు లేని తావులోనే” అన్నారు. ఆయన అన్నట్టే ఉడుమలైకి అవతల పాత కేబులు పుటుక్కుమంది. టేపు విప్పి, కొత్త కేబులు రెండు చివర్లా తగిలించి, బిగువు సరిచూసుకునేసరికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ నా ప్రక్కన ఆయన మాటే ఉంది.

పళని, ఒట్టన్‌సత్రం, దిండుగల్లు దాటి మదురై చేరాను. ఇది మన నాయక రాజుల ఊరు. 1636 నాటి తిరుమల నాయకుని మహలు స్తంభాల కింద నిలబడితే మనిషి చీమంత. రైల్వేస్టేషను ఎదుట మంగమ్మ సత్రం. 1689 నుంచి సుమారు పదిహేనేళ్ళు రాజ్యం నడిపిన రాణీ మంగమ్మ బాటసారుల కోసం రోడ్లు, సత్రాలు ఎన్నో కట్టించింది. బండి మీద వచ్చినవాడు తలుచుకోవలసిన పేరే అది.

మహలుకు కొద్ది దూరంలో, ఒక ఇరుకు సందులో మెకానిక్కు షెడ్డు కనిపించింది. యజమాని తెలుగాయన. నా మాట వినగానే “ఏ ఊరు సార్ మీది? సినిమా తెలుగు మాదిరి ఉండాదే!” అని నవ్వాడు. ఇంటి మరమ్మతుల ప్రసక్తి తెచ్చాను. ఆయన అభిప్రాయం వేరు.

“ఇంట్లో విప్పి గోనెసంచిలో వేసుకుని తెచ్చే బండ్లే నాకు అన్నం పెడతాయి సార్” అన్నాడు. షెడ్డులో అప్పుడే అలాంటిది ఒకటి ఉంది. ఎవరో కుర్రవాడు ఆయిలు మారుస్తూ కింది బోల్టును అడ్డంగా ఎక్కించి, బలం కొద్దీ తిప్పాడట. అల్యూమినియం మర పూర్తిగా అరిగిపోయింది. ఇప్పుడు ఇంజను దించి, రంధ్రం పెద్దది చేసి, బుష్ వేసి కొత్త మర తీయాలి. ఒక వాషరు ఖర్చుతో పోయేదానికి లేతు కూలి. గేరుబాక్సు విప్పి చిన్న స్ప్రింగు పారేసుకున్నవాళ్ళు, బ్రేకు సరిగా బిగించక కిందపడినవాళ్ళు ఆయనకు కొత్త కాదు.

నా లెక్క ప్రకారం ఇద్దరూ నిజమే చెప్పారు. ఇంటి మరమ్మతులో జమ వైపు కూలి డబ్బు మిగులు, బండి గుణం తెలియడం, దారిలో ధైర్యం. ఖర్చు వైపు సరైన పనిముట్ల ధర, పోయిన ఆదివారాలు, అప్పుడప్పుడు ఇలాంటి అరిగిన మర. గొలుసు తుడిచి చమురు పెట్టడం, గాలి, ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు, కేబుళ్ళు, బ్యాటరీ చూసుకోవడం ఇంట్లో చేసుకోదగినవి. ఇంజను లోపల పని, గేరుబాక్సు చేయి తిరిగినవారికే వదలాలి. బ్రేకు మీద అనుమానం ఉంటే మెకానిక్కుకు చూపించాల్సిందే. తీసిన ఆయిలును కాలువలోనో బావి దగ్గరో పోయకూడదని వేరే చెప్పనక్కరలేదు.

కాలం కూడా మారింది. 2020 ఏప్రిల్ ఒకటి నుంచి బి.ఎస్.-6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో కార్బురేటరు దాదాపు మాయమైంది. పెట్రోలు ఎంత చిమ్మాలో చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. లోపం కనుక్కోవాలంటే స్కానరు తగిలించాలి. పొగ తగ్గింది, మొరాయింపులు తగ్గాయి, మంచిదే. కానీ తాతా మనవడూ బండికి చెరో పక్క కూర్చునే అవసరం కూడా తగ్గింది. ఈ పాత ఊళ్ళలో తెలుగు బడిలో బతకలేదు, పుస్తకంలో బతకలేదు. వంటింట్లో, పొలంలో, ఇలాంటి వాకిట్లో, చేతిలో పని ఉన్నప్పుడు బతికింది. పని పోతే దాని మాటలూ పోతాయి. పెద్దాయన బాధ బండి గురించి కాదని నాకు మదురైలో స్పష్టమైంది.

తెలుగు నేలకు దూరంగా ఉన్న మనందరి ఇళ్ళకూ ఇది వర్తిస్తుంది. పిల్లలకు తెలుగు నేర్పాలంటే వారానికొక తరగతి పెడుతున్నాం, సంతోషం. దానితో పాటు ఆదివారం ఉదయం ఒక అరగంట బండి దగ్గర కూర్చోండి. కంప్యూటరు బండి అయినా గొలుసుకు మట్టి పడుతూనే ఉంటుంది. పిల్లవాడి చేతికో, పిల్ల చేతికో ఒక గుడ్డముక్క ఇచ్చి తుడవమనండి. దాన్ని చెయిన్ అనకుండా గొలుసు అనే చెప్పండి.