రెండో వైపు కూడా వినండి

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. ఇప్పుడు ఎం.ఎస్సీ. కంప్యూటర్స్ చేస్తున్నాను. "అక్కా, డిస్కుకి రెండు వైపులా రాస్తే రెట్టింపు పడుతుందా?" అని హాస్టల్ చెల్లెళ్లు అడుగుతుంటారు.

పడుతుంది. 1981లో ఐబీఎం పీసీ ఫ్లాపీ ఒకవైపే, 160 కేబీ. 1982లో రెండు వైపులా వాడితే 320 అయింది. డీవీడీ ఒకవైపు 4.7 జీబీ, రెండు వైపులా 9.4. కానీ దాన్ని తిప్పి పెట్టాలి, పైన పేరు రాయడానికి చోటుండదు. ఒకేవైపు రెండు పొరలు వేస్తే తిప్పకుండానే 8.5 జీబీ.

ఆడియో క్యాసెట్ సంగతి వేరు. ఎ, బి అని రెండు వైపులంటాం గానీ టేపుకి పూత ఒకవైపే. వెడల్పులో సగం ఎ, సగం బి. అరవై నిమిషాల క్యాసెట్ అయితే చెరో అరగంట.

అరకులోయ దగ్గర మా ఊళ్లో, ఇటుకల పండగకి అమ్మమ్మ పాడిన పాటలు అలాంటి క్యాసెట్లోనే ఉన్నాయి. బి వైపు మామయ్య ఎన్నిసార్లు సినిమా పాటలు ఎక్కించినా, ఎ వైపు ఆమె గొంతు చెరగలేదు. ఇప్పుడు అమ్మమ్మ లేదు. ఆ పాటలు నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. పోయిన వేసవిలో టేపురికార్డరు వెతికి పట్టుకుని ఆ అరగంటా ఎంపీ3 చేశాను. మొత్తం 29 ఎంబీ!

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సెలవులకి ఇంటికెళ్తే పాత క్యాసెట్లు పారెయ్యనివ్వకండి. పేరు రాయని వైపు కూడా వినండి. అది తిరుగుతుండగానే కాపీ చేసుకోండి.