పేట బడిలో ఒక్క రోజు

పల్నాడులో మిరప చేలు ఎరుపెక్కి, కూలీల కోసం ట్రాక్టర్లు ఊళ్ళమ్మట తిరిగే చలికాలంలోనే నవోదయ పరీక్ష కూడా వస్తుంటుంది. చిలకలూరిపేట పక్కన మద్దిరాలలో ఉన్న హాస్టల్ బడి జవహర్ నవోదయలో ఆరో తరగతికి 80 సీట్లు. పాత గుంటూరు జిల్లా అంతటికీ అవే. రెండు గంటల్లో 80 ప్రశ్నలు, 100 మార్కులు. ప్రశ్నల్లో సగం బొమ్మలే: వరసలో తర్వాత ఏది రావాలి, నాలుగింట్లో వేరుగా ఉన్నది ఏది. మిగతావి లెక్కలు, భాష. అంతా తెలుగులోనే రాయొచ్చు.

ఈ పరీక్షంటే నాకు గౌరవం. పైదేశాల్లో పేరున్న హాస్టల్ బళ్ళు పిల్లల్ని ఎలా ఎంచుకుంటాయో తెలిశాక అది ఇంకా పెరిగింది. అమెరికాలో 1778 నుంచి నడుస్తున్న ఫిలిప్స్ అకాడమీలో చేరాలంటే పిల్ల తన గురించి వ్యాసాలు రాయాలి, ఇంటర్వ్యూకి కూర్చోవాలి. లెక్కల టీచరూ ఇంగ్లీషు టీచరూ సిఫారసు ఉత్తరాలు పంపాలి. అమ్మానాన్నలు తమ బిడ్డ గురించి విడిగా రాసివ్వాలి. మార్కుల వెనకున్న మనిషిని చూడాలన్నదే వాళ్ళ ఉద్దేశం, అది మంచిదే. కానీ గురజాల దగ్గర పత్తి తీసే తల్లి ఆ కాగితం ఎవరిచేత రాయించుకుంటుంది? పిల్ల వెనక చదువుకున్న పెద్దలు ఎంతమంది ఉంటే ఆ దరఖాస్తు అంత నిండుగా కనిపిస్తుంది. నవోదయ బొమ్మ ముందు మాత్రం పిల్ల ఒక్కతే. కోచింగులు ఈ సమానత్వాన్ని కొంత తినేశాయి. మొత్తం తినలేకపోయాయి.

నా బాధంతా పరీక్షకి ముందున్న కాగితాల గురించి. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలవి. ఆ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా పల్లె బడిలోనే చదివి ఉండాలి. ఆ మూడేళ్ళలో పట్టణపు బడిలో ఒక్క రోజు చదివినా పట్టణపు పిల్లల కిందే లెక్క.

కారంపూడి వైపు రైతు ఒకాయన ఈ మాట విని నా ముందే కుర్చీలో కూలబడ్డాడు. "నవోదయ కోసమేగా సారూ, నాలుగో తరగతికి నరసరావుపేటలో చేర్పించింది! అప్పు చేసి మరీ చేర్పించా" అన్నాడు. ఏ సీటు కోసం అప్పు చేశాడో, ఆ సీటుకి తన బిడ్డకున్న పల్లె కోటా హక్కునే ఆ డబ్బుతో పోగొట్టుకున్నాడు. నిబంధనలో తప్పులేదు, పట్టణపు పిల్లలు పల్లె సీట్లు పట్టుకుపోకుండా అదే కాపాడుతోంది. దాన్ని వేళకి చెప్పినవాళ్ళు లేరు. కర్నూలు నుంచి మన మిరప కోతలకి వచ్చే కుటుంబాల సంగతి ఇంకా కష్టం. పరీక్ష రాయాల్సింది సొంత జిల్లాలో, ఆ రోజుకి బిడ్డ ఉండేది ఇక్కడి చేలో.

సీటొస్తే ఆ బిడ్డ ముందు ఎంత లోకం తెరుచుకుంటుందో! తొమ్మిదో తరగతిలో 30 శాతం మందిని ఏడాదిపాటు హిందీ రాష్ట్రపు నవోదయకి పంపి, అక్కడివాళ్ళని ఇక్కడికి తెచ్చే పద్ధతి ఉంది. అలా వెళ్తే పద్నాలుగేళ్ళకే పల్నాటి పిల్ల వేరే అన్నం తిని, వేరే భాషలో స్నేహం చేసి వస్తుంది. వేలకొద్దీ డాలర్లు పోసి పైదేశపు బళ్ళకి పంపేవాళ్ళు కోరుకునేదీ ఇలాంటి అనుభవమే.

ఆరో తరగతి పరీక్ష జీవితంలో ఒక్కసారే రాయొచ్చు. అందుకే ఐదో తరగతిలో దరఖాస్తు నింపేటప్పుడు చెబితే చాలదు. మూడో తరగతి మొదట్లోనే, తల్లిదండ్రుల సమావేశంలో, హెడ్మాస్టరు ఆ ఒక్క రోజు నిబంధన గట్టిగా చెప్పాలి. చదవడం రాని తల్లి దగ్గరికి వెళ్ళి మళ్ళీ చెప్పాలి. సీటు రాని పిల్లలకి ఇంకో మాట కూడా చెప్పాలి: తొమ్మిదిలో ఖాళీలుంటే వేరే పరీక్ష పెడతారని, పదయ్యాక మాచర్ల అవతల విజయపురి సౌత్‌లో ఏపీఆర్‌జేసీ గురుకుల జూనియర్ కాలేజీ ఉందని.