సత్తరి కొండల్లో గాజు గర్రఫావ్

మన సోలాపూర్ వాళ్లకు గోవా అంటే సముద్రమే. టవల్ కార్ఖానాలకు సెలవులు దొరికితే నలుగురు కలిసి జీపు మాట్లాడుకుంటారు, కలంగూట్ ఒడ్డున ఫొటోలు దిగుతారు, జీడిపప్పు పొట్లాలు పట్టుకొని తిరిగొస్తారు. సముద్రం కనబడని గోవా ఇంకొకటి ఉంది. ఈశాన్యం మూలకు, సహ్యాద్రి కొండల కింద, సత్తరి తాలూకా అంటారు దాన్ని. ఏప్రిల్‌లో మా బావ, నేను అక్కడికే పోయాం.

మాతో పాటు ఒకే కార్ఖానాలో బాయిలర్ మీద పనిచేసిన మనిషి ఒకాయన ఆ ఊరివాడు. నౌకరీ వదిలి ఊరికి పోయి పదేండ్లు దాటింది. ఇంట్లో వాళ్లకు లైసెన్సు ఉన్న జీడి భట్టి ఉంది. ప్రతి ఎండాకాలం ఫోన్ చేసి, "రండి, పండు రాలుతోంది" అనేవాడు. బావకు రంగుల ఖాతాలో ముప్పై ఏండ్ల సర్వీసు. నాకు అదే ఖాతాలో ఇరవై రెండు. ఇద్దరం ఇప్పుడు ఖాళీయే. ఈసారి పోయాం.

విజయపుర మీదుగా బెళగావి దాకా బస్సులో చెప్పుకోవాల్సింది ఏమీ లేదు, దుమ్ము, జొన్న కోసిన చేలు. బెళగావి దాటి జాంబోటి దగ్గర అడవి మొదలైతే అప్పుడు కండ్లు తెరుచుకుంటాయి. చోర్లా ఘాట్ దిగుతుంటే ఒక మలుపులో కింద అంజుణె డ్యామ్ నీళ్లు తళుక్కుమంటాయి. కేరి ఊరు వచ్చేసరికి గాలి మారిపోతుంది. మామిడి వాసనా కాదు, పనస వాసనా కాదు, రెండూ పులిసినట్టు ఒక ఘాటు. "ఇదే జీడిపండు" అన్నాడు బావ, బస్సు దిగకముందే.

జీడిమామిడి మన దేశపు చెట్టు కాదు. పోర్చుగీసువాళ్లు పదహారో శతాబ్దంలో బ్రెజిల్ నుంచి తెచ్చారు. ఇప్పుడది మన తెలుగు నేల మీద కూడా బతుకుదెరువే. శ్రీకాకుళం జిల్లా పలాస పేరు చెబితే జీడిపప్పే గుర్తొస్తుంది, ఒడిశా సరిహద్దు మనవాళ్లకు ఆ సంగతి చెప్పక్కర్లేదు. కానీ అక్కడ గింజ తీసుకున్నాక పండు చాలావరకు తోటలోనే కుళ్లిపోతుంది. సత్తరిలో పండుకే మర్యాద ఎక్కువ. చెట్టు మీది పండు తెంపరు. తనంతట తాను రాలిందే ఏరుతారు. గింజ మెలితిప్పి తీసి ఎండకు పోస్తారు, పండును బండరాతిలో తొలిచిన తొట్టిలో వేసి కాళ్లతో తొక్కుతారు. ఆ తొట్టి పేరు కొలంబి. తొక్కగా మిగిలిన పిప్పిని ముద్దచేసి, తీగ చుట్టి, మీద బరువు పెడితే సన్నగా కారే రసం నీరో. చల్లగా ఇచ్చారు, తాగాం. నాలుక మీద కొంచెం పట్టేసినట్టుంటుంది కానీ ఎండకు ప్రాణం లేచొస్తుంది.

తొక్కిన రసాన్ని రెండు మూడు రోజులు పులియబెడతారు. ఈస్టు వేయరు, బెల్లం వేయరు. తరువాత రాగి కుండలో పోసి కట్టెల మంట మీద కాస్తారు. ఆవిరి నీళ్లలో మునిగిన గొట్టం గుండా చల్లబడి బొట్టుబొట్టుగా వస్తుంది. మొదటిసారి దిగింది ఉర్రాక్. అది తేలిక, పదిహేను శాతం చుట్టుపక్కల ఉంటుంది, నిలవ ఉండదు, ఆ ఎండాకాలంలోనే అయిపోవాలి. ఉర్రాక్‌ను మళ్లీ రసంతో కలిపి కాస్తే ఫెని. అది నలభై రెండు శాతం పైచిలుకు. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన సోలాపూర్ చాదర్లకు ఉన్నలాంటిదే.

ఫెని ఏండ్ల తరబడి నిలవ ఉంటుంది. ఎందులో నిలవ ఉంటుంది అన్న దగ్గరే మా బావ ఆగిపోయాడు.

భట్టి వెనక చిన్న గది. మంటకు దూరంగా, ఇంటికి ఆ చివర. కిటికీకి గోనెపట్టా. లోపల నేల మీద వరసగా పెద్ద పెద్ద గాజు బుడ్లు, ఒక్కోదాంట్లో ఇరవై లీటర్ల దాకా పడుతుంది. సన్నని మెడ, ఉబ్బిన పొట్ట, పొట్ట చుట్టూ బెత్తంతో అల్లిన బుట్ట. వాటిని గర్రఫావ్ అంటారు, పోర్చుగీసు మాట. బావ వంగి చూసి నవ్వాడు.

"ఇది మన కార్బా గదరా!"

నిజమే. మేము పనిలో చేరిన కొత్తలో యాసిడ్ ఇట్లాంటి గాజు బుడ్లలోనే వచ్చేది, చుట్టూ గడ్డి కుక్కిన ఇనుప జాలీలో. కార్బా అనేవాళ్లం. తరువాత గాజు పోయి ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాయి, పేరు మాత్రం కార్బాగానే ఉండిపోయింది. ఇంగ్లీషువాళ్ల కార్‌బాయ్ కూడా పారశీకపు మాట నుంచి వచ్చిందేనంటారు. యాసిడ్‌కైనా, సారాకైనా గాజునే ఎందుకు నమ్మారో ఆలోచిస్తే ఒకటే కారణం. గాజు దేన్నీ పీల్చుకోదు, దేన్నీ వదలదు. నిన్న ఉన్నదాన్ని కడిగేస్తే ఇవాళ దాని ఆనవాలు ఉండదు.

ఆ ఇంటి పెద్దావిడ, మా మిత్రుడి వదిన, మరాఠీలో చెబుతూ పోయింది. పూర్వం మట్టి కుండల్లో పెట్టేవాళ్లు. రుచి బాగుండేది, కానీ కుండ చెమర్చి ఏడాది తిరిగేసరికి సరుకు తరిగిపోయేది. కొందరు కొయ్య పీపాల్లో పెట్టేవాళ్లు, రంగు దిగేది. ఇప్పుడు గాజే. మూతికి బెండు బిరడా. రబ్బరు బిరడా పెట్టరు, సారా తగిలి రబ్బరు ఉబ్బుతుంది, కంపు దిగుతుంది. మెడ దాకా నింపరు, ఎండకు పొంగడానికి నాలుగు వేళ్ల జాగా వదులుతారు. ఎత్తు మీద పెట్టరు. దీపం, అగ్గిపుల్ల ఆ గదిలోకి పోనివ్వరు. ప్రతి బుడ్డి మెడకు చీటీ, ఏ ఏడాదిది, ఏం సరుకు అని.

"రాగిలనే కాస్తరు గద, రాగి బిందెల పెడితే ఏమైతది?" అని నేనడిగాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. కాచేటప్పుడు రాగి మంచిదే, గంధకం లాంటి చెడువాసనను పట్టేసుకుంటుంది. ఆ పని కొన్ని గంటలది. నెలల తరబడి ఉంచితే సరుకులోని పులుపు రాగిని తింటుంది, పచ్చటి చిలుము దిగుతుంది, తాగినోడికి వాంతులు. ఇత్తడిదీ అదే కథ. జస్తా పూసిన బకెట్లు, సిల్వర్ గిన్నెలు అసలే వద్దు. మంచి స్టీలు అయితే పరవాలేదు. అమెరికాలో దొంగసారా కాసినవాళ్లు పాత మోటారు రేడియేటర్లు వాడి, వాటి అతుకుల్లోని సీసం దిగి ఎందరినో రోగాల పాలు చేశారు. మెరుగు పూసిన పాత పింగాణీలో కూడా సీసం ఉండొచ్చు.

ఇక ప్లాస్టిక్. భట్టి ముందు రసం పులియబెట్టిన నీలం డ్రమ్ములు కనబడ్డాయి. బావ ఊరుకుంటాడా! వంగి అడుగున చూశాడు. త్రికోణంలో 2, పక్కన గ్లాసు, ఫోర్కు బొమ్మ. తిండి సరుకుకు పనికొస్తుందని ఆ బొమ్మకు అర్థం. కొత్తవి కొన్నామని రసీదు కూడా చూపించారు. అందులో ఉండేది పులిసిన రసం, అదీ మూడు రోజులు. కాచిన సరుకును మాత్రం అందులో పెట్టరు.

తేడా ఏమిటో మన రంగుల ఖాతా మనిషికి ఇట్టే తెలుస్తుంది. చొక్కా మీద పెన్ను ఇంకు పడితే నీళ్లతో పోతుందా? పోదు. స్పిరిట్ దూది పెడితే దిగుతుంది. నీళ్లు కదిలించలేనిదాన్ని సారా కదిలిస్తుంది. గట్టి సారాను ప్లాస్టిక్‌లో నెలలు ఉంచితే, ఆ ప్లాస్టిక్‌ను మెత్తగా చేయడానికి కలిపినవి కూడా మెల్లగా దిగుతాయి. త్రికోణంలో 3 ఉంటే అది పీవీసీ, దాని జోలికే పోవద్దు. దుకాణంలో క్వార్టర్లు ప్లాస్టిక్‌లోనే వస్తున్నాయి కదా అంటారు. ఆ సీసా దానికోసమే చేసింది, కొత్తది, ఒకసారికే. పాత డబ్బా సంగతి వేరు.

పాత డబ్బా అన్నాను కాబట్టి మన వాడకు వస్తాను. మన పూర్వభాగ్‌లో, నీలం నగర్‌లో, అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీ గేట్ల ముందు భంగార్ దుకాణాల్లో ఏం అమ్ముతారో అందరికీ తెలుసు. టవళ్ల రంగుల షెడ్లలో ఖాళీ అయిన కార్బాలు, డ్రమ్ములు. కాస్టిక్, పెరాక్సైడ్, అసిటిక్ యాసిడ్, సాఫ్ట్‌నర్, ఇంకా పేరు చింపేసినవి. సర్ఫ్ వేసి కడిగి, ఎండబెట్టి వరసగా పెడతారు. నీళ్లు నాలుగు రోజులకోసారి వచ్చే గల్లీలో డ్రమ్ము లేకుండా సంసారం నడవదు, కొనేవాళ్లను నేను తప్పు పట్టను. కానీ ప్లాస్టిక్ గోడ గాజులాంటిది కాదు. లోపల ఉన్నది గోడలోకి ఇంకుతుంది. కడిగితే వాసన పోతుంది, ఇంకింది పోదు. ఆ డబ్బాలో సారా పోస్తే గోడలో ఉన్నదాన్ని బయటికి లాగుతుంది. ఏ ప్లాస్టిక్ అని అడిగేముందు, ఇందులో ముందు ఏముండేది అని అడగాలి. చెప్పలేకపోతే వద్దు.

దీనికి తిరగేసిన ప్రమాదం ఇంకోటి ఉంది. నేను పనిచేసిన ఒక షెడ్డులో ఎవరో అసిటిక్ యాసిడ్‌ను కూల్‌డ్రింక్ సీసాలో పోసి గోడ పక్కన పెట్టారు. రాత్రి పాళీ, పద్దెనిమిదేండ్ల హెల్పర్, దాహం. నీళ్లనుకొని ఎత్తాడు. నోరు, గొంతు కాలి పన్నెండు రోజులు దవాఖానాలో ఉన్నాడు. ఆ పిల్లగాడు ఇప్పటికీ కారం తినలేడు. ఇంట్లో సారా అయినా, థిన్నర్ అయినా, ఫినాయిల్ అయినా తాగే సీసాలో పోయొద్దు. గర్రఫావ్ మెడకు చీటీ కట్టే ఆ గోవా ఇల్లాలు నాకు అందుకే నచ్చింది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మంచి పాత్ర చెడ్డ సరుకును మంచిది చేయదు. 2015 జూన్‌లో ముంబై మాల్వణీలో వంద మందికి పైగా పోయారు. 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచ్చిలో అరవై మందికి పైగా. రెండు చోట్లా మిథనాల్, అంటే కార్ఖానాల్లో వాడే విషపు స్పిరిట్. అది గాజులో పోసినా విషమే, బంగారంలో పోసినా విషమే. రంగు లేదు, వాసనతో పట్టుకోలేం. అగ్గిపుల్ల గీసి నీలం మంట వస్తే మంచి సరుకని కొందరు పెద్దమనుషులు చెబుతారు. మిథనాల్ మంట కూడా నీలమే. తాగిన కొన్ని గంటలకో, మర్నాటికో కడుపునొప్పి, వాంతులు, కండ్ల ముందు మంచు కమ్మినట్టు కనిపిస్తే "దిగిపోతది పడుకో" అనొద్దు. పెద్ద దవాఖానాకు అప్పుడే తీసుకుపోవాలి, ఏం తాగాడో దాచకుండా చెప్పాలి. దానికి విరుగుడు మందు ఉంది, ఆలస్యమైతే కండ్లూ పోతాయి, ప్రాణమూ పోతుంది.

మహారాష్ట్రలో లైసెన్సు లేకుండా కాయడం నేరం, అటు తెలుగు రాష్ట్రాల్లోనూ అంతే. గోవా నుంచి సరుకు తేవడానికీ పర్మిట్ కావాలి, దార్లో చెక్‌పోస్టులున్నాయి. బావకు ఒక సీసా తెచ్చుకోవాలని మహా కోరిక. "అక్కకు తెలిస్తే?" అన్నాను. చెక్‌పోస్టు కంటే ఆ మాటకే ఎక్కువ భయపడ్డాడు. జీడిగింజలు రెండు కిలోలు, ఖాళీ గర్రఫావ్ ఒకటి కొన్నాడు. బెళగావి దాకా దాన్ని ఒళ్లో పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకొని కూర్చున్నాడు. ఇప్పుడు మా అక్క అందులో నిమ్మకాయ షర్బత్ పోస్తోంది.

మేము తిరిగొచ్చిన వారానికి మా చెల్లె ఇంట్లో పెండ్లి పని. వంటవాడు మజ్జిగకు, షర్బత్‌కు కార్బాలు రాసిచ్చాడు, ముప్పై అయిదు లీటర్లవి ఆరు. బావ చీటీ తీసుకొని భంగార్ దుకాణానికి పోయాడు, నేనూ వెంటపోయాను. ఒక్కోటి తిరగేసి చూశాడు. రెండింటి మీద పెరాక్సైడ్ చీటీ సగం మిగిలి ఉంది, మిగతావాటి మీద ఏమీ లేదు.

"ఇండ్ల ముందు ఏముండె?" అన్నాడు.

"కడిగినం కాకా, సాఫ్ ఉన్నయి."

"కడిగిన సంగతి కాదు బిడ్డా, ఏముండె?"

దుకాణం పిల్లగాడికి తెలియదు. బావ చీటీ మడిచి జేబులో పెట్టుకొని, కన్నా చౌక్ దగ్గర టెంటు సామాన్ల దుకాణంలో స్టీలు డ్రమ్ములు కిరాయికి మాట్లాడాడు. డబ్బులు ఎక్కువయ్యాయని చెల్లె కొంచెం గునిసింది.