కన్నార్పే కిటికీలు... చేత్తో తిప్పే కిటికీలు!

ఎండ ముదిరితే కిటికీ దానంతటదే కళ్లు చికిలించాలి. మబ్బు పడితే మళ్లీ విప్పార్చాలి. ఎవరూ లేచి కర్టెన్ లాగక్కర్లేదు, స్విచ్ వెయ్యక్కర్లేదు... ఇవాళ హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల బ్రోషర్లలో ఊరిస్తున్న ఈ ముచ్చటను పారిస్‌లో ఒక భవనం 1987లోనే చేసి చూపించింది. ఆ తర్వాత దానికి ఏమైందన్నదే అసలు కథ.

సెన్ నది ఎడమగట్టున, నోటర్‌డామ్ చర్చికి దగ్గర్లోనే ఉంటుంది అరబ్ వరల్డ్ ఇన్‌స్టిట్యూట్. నది వైపు గోడ ఏటి వంపుతో పాటే వంపు తిరిగి ఉంటుంది. చూడాల్సింది మాత్రం దక్షిణం గోడ. అద్దాల వెనక 240 లోహపు జాలీలు. ఒక్కోదాంట్లో పెద్దవీ చిన్నవీ కలిపి బోలెడు గుండ్రటి కన్నాలు, కెమెరా లెన్సు ముందుండే రేకుల్లాంటివి. ఎండను పసిగట్టే ఫొటోసెల్స్ కబురందిస్తే మోటార్లు తిరిగి, ఆ రేకులు ముడుచుకునేలా, విచ్చుకునేలా కట్టారు. ఆర్కిటెక్ట్ జాన్ నువెల్, ఆయన సహచరుల ఆలోచన ఇది. 1989లో ఆగాఖాన్ వాస్తు పురస్కారం కూడా వచ్చింది.

ఈ ఆలోచనకు మూలం కైరో పాత ఇళ్లలోని ‘మష్రబియా’. లేత్ మీద తిప్పిన చిన్నచిన్న చెక్కముక్కలు కూర్చిన జాలీ కిటికీ అది. వీధిలో ఎండ లోపలికి రాదు, గాలి మాత్రం వస్తుంది. ఆ గాలికి చల్లబడతాయని అక్కడే నీళ్ల కూజాలు పెట్టేవారట. ఆ పేరు కూడా అరబ్బీలో ‘తాగడం’ అనే మాట నుంచి వచ్చిందంటారు. మన ఊళ్లలో వేసవి మధ్యాహ్నం గుమ్మానికి వట్టివేళ్ల తడికెలు కట్టి, గంటకోసారి చెంబుతో నీళ్లు చల్లడం గుర్తొస్తుంది కదూ! అసలు మష్రబియాలో కదిలే యంత్రమేదీ లేదు. పారిస్‌లో దానికి మోటార్లు బిగించారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. వేల కన్నాలు, ఒక్కో కన్నానికి పల్చటి రేకులు, వాటిని కలిపే కడ్డీలు. ఒకటి బిగుసుకుంటే దాని పక్కదీ నిలిచిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ జాలీలు ఒక్కొక్కటే మొరాయించాయి. చాలాకాలం ఆ గోడ అందమైన బొమ్మలాగే నిలబడిపోయింది. చివరికి 2017లో మరమ్మతులు చేశాక మళ్లీ కదిలింది.

అదే గట్టు మీద, అక్కడికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో సాన్ గియోమ్ వీధి ఉంది. అందులో ఒక పాత లోగిలి వెనక దాక్కుని ఉంటుంది ‘మేజోన్ ద వేర్’... అంటే గాజు ఇల్లు. స్త్రీల వైద్యుడు డాక్టర్ దల్సాస్ కోసం పియరీ షరో 1932లో పూర్తిచేసిన ఇల్లిది. పాత మేడను మొత్తం పడగొడదామనుకుంటే పైఅంతస్తులో ఉన్న ముసలావిడ ‘నేను కదలను’ అని కూర్చుంది. చేసేదిలేక ఆమె వాటాను అలాగే ఉంచి, ఉక్కు స్తంభాలు నిలబెట్టి, కింద కొత్త ఇల్లు కట్టారు!

ముందుగోడ నిండా గాజు ఇటుకలే. అవి తెరుచుకోవు. అందుకని గాలి కోసం హాల్లో ఒక చేతిచక్రం పెట్టారు. తిప్పితే ఉక్కు పలకలు వరసగా విచ్చుకుంటాయి. స్విచ్చులు గోడకు కాకుండా, నేల నుంచి పైకప్పు దాకా నిలిపిన గొట్టాలకు ఉంటాయి. రాత్రిళ్లు బయట బిగించిన ఫ్లడ్‌లైట్లు గాజు గుండా హాలును వెలిగించేవి. లోహపు పనంతా లూయీ దల్బే అనే కమ్మరి చేతిది. ఎక్కడ ఏ మర ఉందో కళ్లకు కనిపిస్తుంది. పట్టేస్తే నూనె చుక్క వేసి చూసుకోవచ్చు.

అలాగని మోటార్లు దండగ అనేయలేం. అంత ఎత్తు గోడకున్న 240 జాలీల ముందు రోజుకు నాలుగుసార్లు ఎవరు నిలబడతారు? మంచం దిగలేని నాన్నమ్మకు రిమోట్‌తో తెర కదిలితే అదో పెద్ద స్వేచ్ఛ. కానీ నడవగలిగిన నలుగురున్న ఇంట్లో, పడగ్గది తెర లాగడానికి సెన్సర్ ఎందుకో ఆలోచించాల్సిందే. మబ్బు పట్టిందని సెన్సర్‌కు తెలుస్తుంది కానీ, లోపల బాబు నిద్రపోతున్నాడని తెలియదుగా! కొనేవాళ్లు దుకాణంలోనే ఒక ప్రశ్న అడగాలి... కరెంటు పోతే ఈ తెర చేత్తో లాగితే వస్తుందా? కొన్ని మోటార్లలో వస్తుంది, కొన్నిట్లో బిగుసుకుపోతుంది.

పారిస్ వెళ్లేవాళ్లు ఇన్‌స్టిట్యూట్ పైఅంతస్తు టెర్రస్ ఎక్కితే నదీ, చర్చీ ఒకేసారి కనిపిస్తాయి. సోమవారం సెలవు. గాజు ఇంట్లోకి మాత్రం ముందుగా అనుమతి తీసుకున్న చిన్న బృందాలనే రానిస్తారు. వాళ్లలో ఎక్కువమంది వాస్తుశిల్పులూ, ఆ చదువు చదువుతున్నవాళ్లే.