ప్లాంటు నీళ్లు, ఓపీ చీటీలు

నెల్లూరు తీరాన ప్రాక్టీసు చేసే డాక్టరుగా నేను రోజూ వినే మాట ఒకటుంది: "మేం ప్లాంటు నీళ్లే తాగతాం సార్." బేదులతో వాడిపోయిన బిడ్డను భుజాన వేసుకొచ్చిన తల్లి ఇదే అంటుంది. కళ్లు పచ్చబడిన కుర్రాడి తండ్రీ ఇదే అంటాడు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. మైపాడు, ఇస్కపల్లి, తూపిలిపాలెం ఏ పక్కకెళ్లినా ఆర్‌ఓ ప్లాంటూ, దాని ముందు 20 లీటర్ల టిన్నుల వరసా కనబడతాయి. బోరు నీళ్లు నోట పెట్టుకోలేరు కనుక రెక్కాడితేగాని డొక్కాడని వాళ్లు కూడా నీళ్లు కొనుక్కునే తాగుతున్నారు. మరి ఈ బేదులు ఎక్కడి నుంచి వస్తున్నట్టు?

ఈ తీరంలో తియ్యటి నీళ్లు లోతున ఉండవు, పైనే ఉంటాయి. వాననీరు ఇసక దిబ్బల్లోకి ఇంకి, అడుగున ఉన్న బరువైన ఉప్పునీటి మీద పలచటి పొరలా నిలుస్తుంది. పాతకాలపు ఆడవాళ్లు దిబ్బ వారన చెలమ తీసి, ఊరిన నీళ్లను చిప్పతో తోడుకునేవారు. లోతుకు తవ్వేవారు కాదు. తర్వాత బోర్లు దిగాయి, మోటార్లు ఆ పైపొరను లాగేశాయి. 1990ల్లో రొయ్యల గుంటలు వచ్చాయి. తాగే బావులు ఉప్పుబారాయన్న గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1996 డిసెంబరులో గుంటలకు వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. రొయ్యలైతే పోలేదు. 2014లో ఎన్టీఆర్ సుజల స్రవంతి పథకం పేరుతో ప్రభుత్వం 2 రూపాయలకే 20 లీటర్ల ప్లాంటు నీళ్లు ఇస్తామంది. ప్రైవేటు ప్లాంట్లు సరేసరి.

ఆర్‌ఓ ఉప్పును తీస్తుంది. అది చిన్న పనేం కాదు. నా దగ్గరికొచ్చే ఒక పెద్దాయన, సముద్రం మీద వేటకెళ్లి ఒళ్లు గట్టిపడిన మనిషి, మూడు రకాల మాత్రలు రాసినా బీపీ దిగని రకం. ప్లాంటు నీళ్లంటే ఆయనకు పడదు. "సప్పగా ఉంటాయి సార్, దప్పిక తీరదు" అని బోరు నీళ్లే తాగేవాడు. లెక్క చెప్పాను: లీటరుకు ఒక గ్రాము ఉప్పున్న నీళ్లు ఎండలో తిరిగేవాడు రోజుకు నాలుగు లీటర్లు తాగితే, నీళ్లలోనే నాలుగు గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ పెట్టిన హద్దు 5 గ్రాములకు లోపు. కూరలో ఉప్పూ, ఎండుచేపా ఆ పైన లెక్క. బంగ్లాదేశ్ తీరంలో దాకోప్ అనే చోట గర్భిణులను పరీక్షించినవాళ్లు, తాగే నీళ్లు ఉప్పుబారే వానల్లేని నెలల్లో రక్తపోటు ఎక్కువని 2011లోనే రాశారు. పెద్దాయన ఎండుచేప మానలేదు గానీ నీళ్లు మార్చాడు. బీపీ కొంత దిగింది. నీళ్ల వల్లా, మాత్రలు సరిగ్గా వేసుకోవడం వల్లా అంటే రెండూ అనే చెబుతాను.

ఆయన ఇంట్లోనే మనవరాలికి మాటిమాటికీ బేదులు. అదే టిన్ను, అవే నీళ్లు.

ఆర్‌ఓలో ఉండే పొరకు క్లోరిన్ పడదు, తగిలితే పాడవుతుంది. అందుకే నీళ్లలో క్లోరిన్ ఉంటే ముందే కార్బన్ ఫిల్టరుతో తీసేస్తారు. బయటికొచ్చే నీళ్లు శుభ్రమైనవే, కానీ వాటికి కావలి లేదు. కుళాయి నీళ్లలో మనం ముక్కు మూసుకునే ఆ బ్లీచింగ్ వాసనే కావలి, లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉన్నా, తర్వాత పడిన క్రిమిని అది పట్టుకుంటుంది. ప్లాంటులో యూవీ దీపం ఉన్నా దాని పని అక్కడికే సరి. ఆ తర్వాత పాచిపట్టిన టిన్ను, ఇంట్లో మూత సరిగా లేని డ్రమ్ము, అందులో వేళ్లతో సహా మునిగే గ్లాసు.

ఇదంతా చెబితే ఎవరూ వినరు. చూపించాలి. 1982లో గ్వాలియర్‌లోని రక్షణ శాఖ ప్రయోగశాలలో మంజా, ఆయన సహచరులు రూపొందించిన పరీక్ష ఒకటుంది. మందు పట్టించిన కాగితం ముక్క ఉన్న చిన్న సీసాలో నీళ్లు పోసి వెచ్చటి చోట ఉంచితే, మలం నుంచి వచ్చే రకం క్రిములున్న నీళ్లు నల్లబడతాయి. ఆ పెద్దాయన ఇంట్లో తాగే నీళ్లతో రెండు సీసాలు బల్ల మీద పెట్టాను. ప్లాంటు కుళాయి దగ్గర పట్టినవి లేత పసుపుగానే ఉన్నాయి. డ్రమ్ములోంచి తీసినవి రెండోరోజుకు పొయ్యి మీద మాడిన గిన్నె అడుగులా నల్లబడ్డాయి. పాప అవ్వ సీసా చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, "ఇది మా డ్రమ్ములోదేనా? మారిందేమో చూడండి సార్" అంది. నేను సిరా కలిపానేమోనని కూడా చూపులతో అడిగింది.

ఏ ఫిల్టరైనా తన దాకా వచ్చిన నీళ్లలో ఉన్నదాన్నే తీస్తుంది, ఆ తర్వాత పడినదాన్ని తీయలేదు. 1937లో షార్ట్, ఆయన సహచరులు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికలో రాసింది అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న ప్రాంతం గురించే. అక్కడి పొదిలి, దర్శి, కనిగిరి తర్వాత ప్రకాశం జిల్లాలో కలిశాయి. అదే ఫ్లోరైడ్ బెడద ఉన్న కెన్యా రిఫ్ట్ లోయలో, నకూరు కాథలిక్ డయోసిస్ వాళ్లు కాల్చిన ఎముకల బొగ్గుతో ఫిల్టర్లు చేశారు. మన పల్లెల్లో ఎముకల మీదుగా వచ్చిన నీళ్లంటే ఎవరు ముట్టుకుంటారు? వాళ్ల ఫిల్టరు ఫ్లోరైడ్‌ను పడుతుంది, మనది ఉప్పును పడుతుంది. గ్లాసుతో పాటు మునిగిన వేళ్లను రెండూ పట్టవు.

అందుకే ఇప్పుడు ఓఆర్‌ఎస్, జింకు రాసిన చీటీ మీదే "ట్యాపు డబ్బా" అని కూడా రాస్తున్నాను. మందుల షాపతను మొదట్లో అది ఏ కంపెనీదని ఫోన్ చేశాడు. ట్యాపు డబ్బాతో వచ్చే చిక్కు వేరే: గ్లాసు పట్టాలంటే దాన్ని స్టూలు మీదికి ఎక్కించాలి, ఎక్కిస్తే పిల్లకు అందదు, అందకపోతే మూత తీసి ముంచుతుంది. క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగమంటే వాసన అంటారు. అవ్వ తనకు తోచిన మార్గం చూసుకుంది. స్టీలు గ్లాసుకు మూరెడు కాడ అతికించి తెమ్మని కొడుకును పంపింది, దాన్ని డ్రమ్ము పైనున్న మేకుకు తగిలించింది. దానికి ఎవరూ నోరు పెట్టకూడదు, కింద పెట్టకూడదు. పాప కూడా వింటుందట. పండక్కి వచ్చిన అల్లుడు మాత్రం చెంబుతోనే ముంచుతున్నాడు, ఆయన్నేమీ అనలేం కదా సార్ అంటుంది.